మా నాయన జబ్బు, మా అమ్మ మీద పడిన నింద

2021లో ఉగాది దాటినాక మా నాయన ఒంటిచెప్పుతో ఇంటికి రావడం మొదలైంది. పొద్దున రెండు చెప్పులూ వేసుకొని చేనికి పోయేవాడు, సాయంత్రానికి ఎడమ కాలిది ఉండేది కాదు. "యాడో ఊడిపోయింది, నాకు తెలీనే లేదు" అనేవాడు. వారు వదులైందేమో అని రెండుసార్లు కొత్త జత తెచ్చినాం. మూడోసారి గట్టు మీద దొరికిన చెప్పును చేతిలోకి తీసుకొని చూసినాను. వారు గట్టిగానే ఉంది. అప్పుడు నాయన కాలు చూసినాను. "వేళ్లు పైకి లేపు నాయనా" అంటే కుడికాలివి లేచినాయి, ఎడమకాలివి లేవలేదు.

నాయనకు అప్పుడు 54 ఏళ్లు. ఊరు బెళుగుప్ప మండలంలో. నేను అనంతపురంలో ఒక ల్యాబులో టెక్నీషియన్‌ను, పదకొండేళ్లుగా ఇదే పని. రోజుకు ముప్పై నలభై మందికి రక్తం తీస్తాను. ఇదంతా రాయడం నాయన కోసం అనుకునేరు. నాయన పోయి ఆరు నెలలైంది, ఆయనకు ఇప్పుడు నా రాతతో పని లేదు. అమ్మ కోసం రాస్తున్నాను.

నాయన పెద్దకర్మ, దివసాల రోజు వడ్డనలో ఉన్నప్పుడు మా బంధువుల్లో పెద్దావిడ ఒకామె అందరికీ వినబడేటట్టు అనింది: "మేనమామ కూతుర్ని చేసుకుంటే ఇట్లే అయితాది. ఒకే రక్తం రెండుసార్లు కలిస్తే విషమే." అమ్మ చేతిలో పప్పు గిన్నె ఉండింది. ఏమీ అనలేదు. పంక్తి పూర్తిగా వడ్డించి, వంటింట్లోకి పోయి కూర్చునింది. ఆ రోజు నుంచి ఆమె మనసులో ఒకటే: మొగుణ్ణి తన రక్తమే చంపింది.

మా నాయనకు వచ్చింది మోటార్ న్యూరాన్ డిసీజ్. ఎంఎన్‌డీ అంటారు, అందులో ఎక్కువమందికి వచ్చే రకాన్ని ఏఎల్‌ఎస్ అంటారు. మెదడు నుంచి వెన్నుపాముకు, అక్కడి నుంచి కండరాలకు "కదులు" అని ఆజ్ఞ మోసే నరకణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. ఆజ్ఞ అందని కండరం కరిగిపోతుంది. ఫ్రాన్సులో షార్కో అనే వైద్యుడు 1869లోనే దీన్ని వివరంగా రాసినాడు. తాకితే తెలియడం పోదు, కళ్లు కదలడం చాలావరకు పోకుండా ఉంటుంది, నాయనకు బుద్ధి చివరిదాకా చెక్కు చెదరలేదు. చీమ కుడితే తెలిసేది, దులుపుకోలేకపోయేవాడు.

పేరు తెలియడానికే మాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఒకచోట మెడ ఎముకలు అరిగినాయన్నారు. ఇంకోచోట మా నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి వెన్నుపాము నొక్కుకొని ఉంటుందన్నారు. ఆ అనుమానం పిచ్చిదేమీ కాదు, ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్లతరబడి తాగితే ఎముక పెరిగి నరం నొక్కుకొని కాళ్లు పడిపోవడం నిజంగానే ఉంది. కానీ స్కానింగులో అట్లాంటిదేమీ కనబడలేదు. తొడ మీద చర్మం కింద పురుగు పాకినట్టు కండరం అదురుతుండేది. దాన్ని నేనే ఫోనులో వీడియో తీసి పెట్టుకున్నాను. ఆ వీడియో చూసిన ఒక కుర్ర డాక్టరు "బెంగళూరు నిమ్హాన్స్‌కు పోండమ్మా, ఆలస్యం చేయొద్దు" అన్నాడు. ఆయన్ను ఎప్పటికీ మరువను.

నిమ్హాన్స్‌లో డాక్టరమ్మ నాయన నాలుక చూసింది, మోకాళ్ల కింద సుత్తితో కొట్టి చూసింది, తరువాత "చెవులు బాగా వినపడతాయా?" అని అడిగింది. నాయనకు కోపమొచ్చింది. "కాలు చూపిస్తే చెవి అడుగుతుందేందిరా" అన్నాడు బయటికొచ్చినాక. ఆ ప్రశ్న ఎందుకో నాకు తరువాత తెలిసింది. దక్షిణాదిలోనే ఎక్కువగా కనబడే ఎంఎన్‌డీ రకం ఒకటుంది. 1970లో మద్రాసు డాక్టర్లు దాన్ని మొదట వివరించినారు కాబట్టి మద్రాస్ మోటార్ న్యూరాన్ డిసీజ్ అనే పేరు. చిన్న వయసులో మొదలవుతుంది, చేతులూ కాళ్లూ సన్నబడతాయి, ముఖం కండరాలు బలహీనపడతాయి, చెవుడు వస్తుంది. మామూలు ఏఎల్‌ఎస్ కంటే చాలా నిదానంగా నడుస్తుంది, దశాబ్దాలు బతికినవాళ్లున్నారు. మా నాయనకు చెవులు శుభ్రంగా వినబడతాయని చెప్పినప్పుడు ఆ మంచి తలుపు ఒకటి మూసుకుందని ఆ రోజు మాకెవరికీ తెలియదు.

సూదులు గుచ్చి కండరాల్లో కరెంటు చూసే ఈఎంజీ అయినాక పేరు ఖాయమైంది. రిలుజోల్ 50 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండు. 1995 నుంచి ఉన్న మందు, జబ్బును ఆపదు, కొన్ని నెలలు కలుపుతుంది. "ఆ చక్రాల కుర్చీ సైంటిస్టు యాభై ఏళ్లు బతికినాడు కదా" అని ఊళ్లో అందరూ ధైర్యం చెప్పేవాళ్లు. స్టీఫెన్ హాకింగ్‌కు ఇదే జబ్బని 21 ఏళ్లప్పుడు 1963లో తెలిసింది, 2018లో 76వ ఏట పోయినాడు, నిజమే. కానీ చాలామందికి మొదటి లక్షణం నుంచి రెండు నుంచి ఐదేళ్లే. నాయనకు మూడున్నరేళ్లు.

ఆ మూడున్నరేళ్లలో నాకు బాగా గుర్తుండేది సంగటి. మా వైపు రాగిసంగటి ముద్దను నమలరు. ఊరిబిండిలో అద్దుకొని మింగేస్తారు. 2023 వేసవిలో ఒక రాత్రి ముద్ద గొంతులో అడ్డం పడి నాయన నీలంగా అయిపోయినాడు. తమ్ముడు వీపు మీద కొట్టి బయటికి తెప్పించినాడు. మరుసటి రోజు నుంచి అమ్మ సంగటి కెలకడం మానేసింది. అంబలి కాచి, మజ్జిగ పోసి, గుడ్డలో వడగట్టి చెంచాతో పోసేది. ఒక గ్లాసుకు గంట పట్టేది. తనూ అదే తాగేది. "మీ నాయన ముందర సంగటి తింటే నాకు దిగదు" అనేది. అట్లాంటి మనిషిని పట్టుకొని నీ రక్తమే విషం అన్నారు.

ఇప్పుడు జన్యువు సంగతికి వస్తాను.

ఎంఎన్‌డీ వచ్చిన నూరు మందిలో తొంభై మందికి పైగా కుటుంబంలో ఇంకెవరికీ ఉండదు. మీ ఇంట్లో ఒక్కరికి వచ్చిందని పిల్లలందరికీ వస్తుందని భయపడాల్సిన పని లేదు. మిగతా ఐదు నుంచి పది మందిలో అది వంశంలో నడుస్తూ ఉంటుంది. డాక్టరమ్మ మమ్మల్ని జెనెటిక్ కౌన్సెలింగ్‌కు పంపినప్పుడు, మీ ఇంట్లో ఇంకెవరికైనా అని అడిగితే నాయన, అమ్మ, నేను ముగ్గురం ఒకే గొంతుతో "లేదు" అన్నాం.

కౌన్సెలర్ తెల్ల కాగితం మీద మా వంశం గీసింది. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్న, పోయినవాళ్ల మీద అడ్డగీత. భార్యాభర్తల మధ్య ఒక గీత. అమ్మానాయనల మధ్య మాత్రం రెండు గీతలు గీసింది. దగ్గరి చుట్టరికంలో పెళ్లయితే అట్లా గీయడం పద్ధతి. అమ్మ చదువుకోలేదు గానీ ముగ్గులు పెట్టే చెయ్యి, గీత తేడా ఇట్టే పట్టేస్తుంది. తిరుగు ప్రయాణంలో బాగేపల్లి దాటేదాకా మాట్లాడలేదు. తరువాత అడిగింది: "నాకు మీ నాయనకు నడుమ రెండు గీతలు ఏంటికి గీసినారు పాపా?" నేను ఏదో చెప్పినాను. సరిగ్గా చెప్పలేదు. అప్పుడే విడమరచి చెప్పి ఉంటే దివసాల నాటి మాట అంత లోతుగా దిగేది కాదేమో.

ఊరికొచ్చినాక మా జేజిని కదిలించినాను. నాయన వాళ్లమ్మ, 80 దాటిన మనిషి. "మన ఇంట్లో ఎవురికన్నా కాళ్లు చేతులు పడిపోయినాయా జేజీ?" అంటే "పక్షవాతమా? ఎవురికీ లేదు" అనింది. ప్రశ్న మార్చినాను. "సన్నబడిపోయి, నడవలేక, మింగలేక పోయినోళ్లు?" అప్పుడు చెప్పింది. "మీ చిన్నబ్బ అట్లనే పాయె కదా. పుట్ట తొక్కినాడు, నాగదోషమన్నారు. కదిరికి, కాళహస్తికి ఎత్తుకోని తిరిగినాం." చిన్నబ్బ అంటే మా అబ్బకు, అంటే నాయన వాళ్ల నాయనకు, తమ్ముడు. 1990 ప్రాంతంలో, యాభై నిండకుండా పోయినాడు. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో దానికి పేరు నాగదోషం.

మరి మా అబ్బ? ఆయన 38 ఏళ్లకే బావి పూడిక తీస్తూ గట్టు విరిగి పడి పోయినాడు. కౌన్సెలర్‌కు ఫోన్ చేసి ఈ రెండూ చెప్తే ఆమె కాసేపు ఆగి, "మీ అబ్బకు కూడా ఉండి ఉండొచ్చు, బయటపడే వయసు దాకా ఆయన బతకలేదు" అనింది. తరం దాటి వచ్చిందని అందరూ అనేది చాలాసార్లు ఇట్లాంటిదే. మధ్య తరం మనిషి ప్రమాదంలోనో కలరాలోనో ముందే పోయి ఉంటాడు. కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగేటప్పుడు జబ్బు పేరుతో అడగొద్దండి. లక్షణాలతో అడగండి. దోషం, చేతబడి, వాతం అని దాచిపెట్టిన మూటలన్నీ విప్పించండి. మా జేజి వయసువాళ్లు పోతే ఆ మూటలు కూడా పోతాయి.

నాయన రక్తం నేనే తీసినాను. వైలెట్ మూత ట్యూబులో, రోజూ రక్తకణాలు లెక్కపెట్టే సీబీపీకి వాడేదాంట్లోనే. ఆ రోజు ఒకటికి రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. పరీక్షలు రెండు వేరు వేరు పంపించినారు. ఒకటి జన్యువులన్నిటినీ అక్షరం అక్షరం చదివే ఎక్సోమ్ పరీక్ష. రెండోది సీ9ఓఆర్‌ఎఫ్72 అనే జన్యువుకు విడిగా. 2011లో కనిపెట్టిన ఆ జన్యువులో ఆరక్షరాల ముక్క ఒకటి మళ్లీ మళ్లీ రాసి ఉంటుంది. మామూలు మనుషుల్లో రెండు డజన్ల లోపు, జబ్బున్నవాళ్లలో వందలూ వేలూ. ఆ పొడుగాటి పునరుక్తి ఎక్సోమ్‌లో మామూలుగా చిక్కదు. యూరప్ సంతతివాళ్లలో వంశపారంపర్య ఏఎల్‌ఎస్‌కు అదే పెద్ద కారణం, మన ఆసియా వైపు తక్కువ. ఎవరైనా ఎక్సోమ్ ఒక్కటే చేయించి "జన్యుపరంగా ఏమీ లేదు" అని ఊపిరి పీల్చుకుంటే, ల్యాబు మనిషిగా చెప్తున్నాను, రెండోది కూడా చేసినారా అని అడగండి.

2023 ఫిబ్రవరిలో రిపోర్టు వచ్చింది. సీ9 మామూలుగా ఉంది. ఎస్‌ఓడీ1 జన్యువులో మార్పు ఉంది. "హెటెరోజైగస్, పాథోజెనిక్." ఆ జన్యువుకున్న రెండు కాపీల్లో ఒకదాంట్లోనే ఉంది, జబ్బు తెచ్చే రకం.

ఎస్‌ఓడీ1 మన 21వ క్రోమోజోము మీద ఉంటుంది. ఎంఎన్‌డీతో సంబంధం తేలిన మొదటి జన్యువు అదే, 1993లో. ఒంట్లో ప్రాణవాయువు వాడకంలో పుట్టే విషాన్ని విరగగొట్టే ప్రోటీనును అది తయారుచేస్తుంది. ఇంతవరకు ఆ ఒక్క జన్యువులోనే దాదాపు రెండు వందల రకాల మార్పులు దొరికినాయి. ఆ ప్రోటీను పని చేయకపోవడం కాదట అసలు కష్టం. వంకరగా మడతపడిన ప్రోటీను నరకణంలో ఉండలు కట్టి దాన్ని చంపుతుందట.

ఆ రిపోర్టులో మా అమ్మకు కావాల్సింది "హెటెరోజైగస్" అనే ఒక్క మాటలో ఉంది. నేను దాన్ని రెండేళ్లు ఫైల్లో పెట్టుకొని తిరిగినాను గానీ ఆమెకు అర్థమయ్యేటట్టు చెప్పలేదు. పోయిన వారం చెప్పినాను.

విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తున్నాం. నడవలో అమ్మ, జేజి, నేను. తమ్ముడికి మా మామ కూతుర్ని అడిగినారని, అమ్మ "వద్దు, ఇంకొక ఇల్లు ముంచలేను" అని చెప్పి పంపించిందని అప్పుడే తెలిసింది నాకు. చేతిలో కాయ చిదిమి చూపించినాను.

"ఇది నాయన అనుకోమ్మా. రెండు గింజలు. ఒకటి జేజి ఇచ్చింది, ఒకటి అబ్బ ఇచ్చినాడు. అబ్బ ఇచ్చింది పుచ్చు గింజ. చిన్నబ్బకు కూడా అదే వచ్చింది. ఈ జబ్బుకు రెండు గింజలూ పుచ్చి ఉండాల్సిన పని లేదు, ఒకటి చాలు. నువ్వు జేజి పుట్టింటి పిల్లవు. నీ గింజలు వేరే చేనివి. నువ్వు కాకుండా ఏ ఊరి పిల్లను చేసుకున్నా నాయనకు ఈ జబ్బు వచ్చేదే. పుట్టినప్పుడే ఆయన కాయలో ఉండింది అది. అప్పటికి నువ్వు పుట్టనే లేదు."

అమ్మ ఆ కాయను తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఐతే మీ అబ్బ తప్పా?" అనింది. జేజికి రోషమొచ్చింది. "ఆయప్ప ఏం చేసె పాపం, బాయిలో పడి సచ్చిపాయె. ఆయప్పకు ఎవురిచ్చిరో!" నిజమే. అబ్బకు వాళ్ల నాయనో అమ్మో, వాళ్లకు ఇంకెవరో.

మేనరికాన్ని వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. రెండు గింజలూ పుచ్చితేనే వచ్చే జబ్బులున్నాయి. ఒకే ఇంటి గింజ రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం మేనరికంలో ఎక్కువ, కాబట్టి అవి ఎక్కువగా కనబడతాయి. పసిపిల్లల్లో ఇవే నరకణాలను తినేసే ఎస్‌ఎంఏ అట్లాంటిదే. చిన్నపిల్లలకు వచ్చే అరుదైన ఎంఎన్‌డీ రకాలు కొన్ని కూడా అంతే. అంతెందుకు, ఎస్‌ఓడీ1లోనే ఒక మార్పు స్వీడన్, ఫిన్లాండ్‌లలో మామూలుగా రెండు కాపీలుంటేనే జబ్బు తెస్తుంది. అది చదివి నాకు గుండె ఆగినంత పనైంది. నాయనది ఆ రకమా అని కౌన్సెలర్‌ను అడిగినాను. కాదు, ఆయనకున్నది ఒకే కాపీ. మా తమ్ముడికి మేనరికం చేయాలా వద్దా అన్నది వేరే మాట, దానికి వేరే పరీక్షలున్నాయి. అమ్మ మెడకు చుట్టిన ఉరి మాత్రం తీసేయాల్సిందే.

ఇక నేను, తమ్ముడు. నాయన రెండు గింజల్లో ఏదో ఒకటే మాకు ఇచ్చినాడు. పుచ్చు గింజ వచ్చే అవకాశం నాకు సగానికి సగం, తమ్ముడికి సగానికి సగం. నాకొచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి వాడికి తెలిసేదేమీ లేదు, ఎవరి కాయ వాళ్లదే. ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందనీ లేదు. 2014లో పరిశోధకులు లెక్క కట్టినారు: ఈ జబ్బు మొదలు కావాలంటే మనిషి ఒంట్లో దాదాపు ఆరు మెట్లు దాటాలని. తరువాతి లెక్కలో ఎస్‌ఓడీ1 మార్పున్నవాళ్లకు రెండు మెట్లే మిగిలినట్టు తేలింది. రెండు మెట్లంటే తక్కువే. కానీ సున్నా కాదు. ఆ రెండు మెట్లేమిటో ఎవరైనా కనిపెడితే వాళ్ల కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటాను.

తమ్ముడు పరీక్ష చేయించుకోనన్నాడు. "తెలిసి ఏం చేస్తాను అక్కా, రోజూ చెప్పు జారిందా అని చూసుకోవాల్సొస్తుంది" అన్నాడు. వాడి హక్కు అది. బలవంతం చేయకూడదని కౌన్సెలర్ కూడా గట్టిగా చెప్పింది. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు ఆ ఇంటివాళ్లకు ఏం చెప్పాలి అన్నదాని మీద మేమిద్దరం రెండు రాత్రులు వాదించుకున్నాం. దాచకూడదని నా పట్టు. నాయనకు ఏ జబ్బు వచ్చిందో చెప్తాను, మిగతాది నాకే తెలియదు కదా అంటాడు వాడు. ఇంకా తెగలేదు.

నాకు 12 ఏళ్ల కూతురుంది. పెద్దయ్యాక వచ్చే ఇట్లాంటి జబ్బుకు పిల్లలకు ముందే పరీక్ష చేయరు. పద్దెనిమిది నిండినాక అది తన నిర్ణయం. కానీ నా గింజ మంచిదని తేలితే నా బిడ్డకు ఇక ఆ ప్రశ్నే లేదు. అందుకే చేయించుకుంటున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. నాయన రిపోర్టు వచ్చిన రెండు నెలలకు, 2023 ఏప్రిల్లో, ఎస్‌ఓడీ1లో మార్పు ఉన్నవాళ్ల కోసమే తయారైన టోఫెర్సెన్ అనే మందుకు అమెరికా అనుమతిచ్చింది. వెన్నులోకి సూదితో ఎక్కిస్తారు, మొదట పదిహేను రోజులకొకటిగా మూడు, ఆ తరువాత నెలనెలా. ఆ చెడ్డ ప్రోటీను తయారు కాకముందే దాని ఆదేశాన్ని చెరిపేస్తుంది. ధర మా చెనిక్కాయల చేను నాలుగుసార్లు అమ్మినా అందదు. నాయనకు ఇప్పించలేకపోయినాం, ఆ బాధ నాతోనే ఉంటుంది. కానీ జన్యువులో మార్పు ఉండి జబ్బు ఇంకా మొదలు కానివాళ్లకు ముందే ఇస్తే ఏమవుతుందో చూసే పరీక్షలు 2021 నుంచి విదేశాల్లో నడుస్తున్నాయి. 1993లో జన్యువు దొరికినాక మందు రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. నాకిప్పుడు 35.

వచ్చే గురువారం బెంగళూరుకు పోతున్నాను. తెల్లవారుజామున నాలుగున్నర బస్సు, ఎనిమిదిన్నరకంతా వరుసలో ఉండాలని. అమ్మ కూడా వస్తానంటోంది. నీకు పరీక్షేమీ లేదమ్మా, ఎండలో ఎందుకు అంటే వినలేదు. దివసాలకు కట్టుకున్న చీర పక్కన పెట్టి, నాయన ఉన్నప్పుడు ధర్మవరంలో కొన్న ఆకుపచ్చ చీర మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. నేను చెనిక్కాయతో చెప్పింది నమ్మిందట, అయినా ఆ రెండు గీతలు గీసినామె నోటితోనే ఒకసారి వినాలట.